ఆర్మూరులో వదనికకు కుదురు

మాఘమాసమున ఆర్మూరునకు పోవువారికి ఊరు కనబడుటకు ముందే ఊరి వాసన ఎదురువచ్చును. మేము హైదరాబాదులో తెల్లవారుజామున బస్సెక్కి, మేడ్చలు, తూప్రాను, కామారెడ్డి దాటి, డిచ్‌పల్లి కడ గుట్టమీది రాముని తలచుకొని, ఎండ చుఱుక్కుమను వేళకు ఆర్మూరు పొలిమేర చేరితిమి. కిటికీలోనుండి వెచ్చని వాసన యొకటి లోనికి వచ్చినది. మట్టివాసనయు, మందువాసనయు, పెండ్లివారింటి వాసనయు కలిసినట్లుండెను. ప్రక్కసీటులోని యామె మా ముఖములు చూచి నవ్వి, "పసుపు ఉడుకవెడుతున్నరమ్మా, గంతే" అనెను. బాటకు రెండువైపుల కల్లములలో ఎండవేసిన కొమ్ములు పచ్చని చాపలు పరచినట్లున్నవి.

మేము పసుపు కొనుటకు పోలేదు. మా చిన్నచెల్లెలి యింటనున్న యొక మొక్కను బ్రతికించుకొనుటకు పోయితిమి. మేమిద్దరు అక్కచెల్లెండ్రము ఇంత దూరము ఒక మొక్కకొఱకు ప్రయాణమైతిమని మా యింటిలోని మగవారు నవ్విరి. నవ్వనిండు. ఆ మొక్క మా అమ్మగారిది.

చదువరులలో కోస్తా జిల్లాల ఆడపడుచులు వదనికను ఎఱిగియే యుందురు. కొందఱు బదనిక యందురు. పాత మామిడిచెట్ల కొమ్మలమీద, ఇప్పచెట్లమీద, తాళ్ళవంటి తెల్లని వేళ్ళతో కౌగిలించుకొని పెరుగును. ఆకులు దళసరిగా, సన్నగా, నడుమ మడతపడి రెండు వరుసలుగా నుండును. వేసవిలోను తొలకరిలోను పూయును. పూవు పసుపుపచ్చన, దానిమీద గోధుమరంగు గళ్ళు, నడిమి పెదవి మాత్రము నీలి ఊదా. పరిమళమును కలదు. ఈనాడు నర్సరీలలో ఆర్కిడ్డులని వందల రూపాయలు పెట్టి కొనుచున్న మొక్కలకు ఇది స్వంత అక్క. మనవారు చెట్లను పీల్చి చంపు జిట్టను కూడ బదనిక యనియే పిలుచుటచేత, పాపము, దీనికిని దొంగ యను నింద వచ్చినది. ఇది చెట్టు రసము త్రాగదు. చెట్టును నిలుచుటకు తావుగా మాత్రమే వాడుకొనును. వానయు, మంచును, గాలిలోని తేమయు, బెరడుమీద జారు నీటితో వచ్చు ధూళియే దీని యాహారము.

మా అమ్మగారి యిల్లు సామర్లకోట దగ్గర. పెరటి మామిడిమీద ఈ వదనిక ఎన్నడు చేరినదో ఎవరికిని తెలియదు. 1996 నవంబరు 6వ తేది రాత్రి కాకినాడ సీమను ముంచివేసిన తుపానులో ఆ మామిడి కూకటివేళ్ళతో పడిపోయినది. ఇంటి పెంకులు ఎగిరిపోయి అందఱు ఏడ్చుచుండగా అమ్మగారు మరునాటి ఉదయము కత్తిపీటతో బయలుదేరి, పడిన కొమ్మ బెరడుతో సహా వదనికను ఒలిచి తెచ్చి సపోటాచెట్టుకు కొబ్బరితాటితో కట్టిరి. మూడేండ్లకు అది మరల పూచినది. అమ్మగారు పోయినపిదప ఇల్లు అమ్ముట తప్పలేదు. గుబురుగా పెరిగిన మొక్కను మూడు కాండములుగా, ఒక్కొక్కదానికి కొన్ని వేళ్ళుండునట్లు విడదీసి తలకొకటి పంచుకొంటిమి. నగలు పంచుకొన్ననాడు రాని కన్నీరు ఆనాడు వచ్చినది.

తరువాత జరిగిన దానికి మేము తలవంచుకొనవలెను. పెద్దదానికి మొక్కలన్న ప్రాణము. ఆమె మంచి రేగడిమన్నును, మాగిన పశువుల ఎరువును కలిపి, పెద్ద తొట్టిలో వదనికను నాటి, వేళ్ళు ఒక్కటియు కనబడకుండ కప్పి, దినదినము నీరు పోసెను. శ్రావణము గడవకముందే మొదలు నల్లబడి, చేతితో తాకిన ఊడివచ్చినది. రెండవది ఆ పొరపాటు చేయలేదు. వేఱొక పొరపాటు చేసినది. నర్సరీవారు చెప్పగా విని, నాచును తడిపి, వేళ్ళచుట్టు బంతివలె బిగియగట్టి ప్లాస్టికు గిన్నెలో పెట్టెను. పైన ఆకులు ఆరునెలలు బాగుండెను. లోపల నాచు ఎన్నడును ఆరలేదు. విప్పి చూచునప్పటికి వేళ్ళలో పీచు తప్ప ఏమియు మిగులలేదు. ఇంక లోకమునందు అమ్మగారి వదనిక యొక్కటియే మిగిలినది. అది ఆర్మూరులో నున్నది. అది కూడ వాడిపోవుచున్నదని చెల్లెలు ఫోనులో ఫొటో పంపినది.

సామర్లకోట పేరు వచ్చినది గనుక ఒక్క మాట. ఈ పూవును ప్రపంచమునకు పుస్తకరూపమున చూపిన విలియం రాక్స్‌బరో అను వైద్యుడు 1781 మొదలు కొన్నేండ్లు ఆ సామర్లకోటలోనే యుండి తోట వేసెను. 1793లో కలకత్తా తోటకు అధిపతిగా పోయెను. మన దేశపు చిత్రకారులచేత మొక్కలను వ్రాయించి, 1795 మొదలు కోరమండలు తీరపు మొక్కలను గూర్చి అచ్చొత్తించిన పెద్ద గ్రంథమున ఈ వదనిక చిత్రము కలదు. పూవుమీది గళ్ళనుబట్టి శాస్త్రమున దీనికి గళ్ళదని యర్థము వచ్చు లాటిను పేరు నిలిచినది. ఇంటిపేరు మాత్రము మనదే. వందా యను సంస్కృతపదమే నేడు ప్రపంచమంతట వాండా యని చెలామణి యగుచున్నది. మా పెరటి మొక్క ఇంత గొప్పవారి చుట్టమని అమ్మగారికి తెలియదు. తెలిసినను సపోటాచెట్టునుండి దింపియుండరు.

చెల్లెలి యిల్లు ఆర్మూరు పాతవీధిలో నున్నది. మరదిగారు బ్యాంకు ఉద్యోగి. బదిలీమీద వచ్చి ఈ ఊరి నీరు పడి ఇచ్చటనే నిలిచిపోయిరి. కాళ్ళు కడుగుకొనక మునుపే వసారాలోనికి పోయి చూచితిమి. చెల్లెలు మా యిద్దఱి గతి చూచి భయపడి, మన్నును లేక, నాచును లేక, ఖాళీ మట్టికుండీలో మొక్కను నిలబెట్టి తాటితో కట్టినది. కోస్తాలో ఆ మాత్రము చాలును. అచ్చటి గాలియే తడిబట్ట వంటిది. ఆర్మూరు గాలి అట్టిది కాదు. ఇచ్చట వేసవిలో ఎండ 45 డిగ్రీలను ముట్టుట కలదు. వడగాలి వీచినపుడు ఆరవేసిన చీర అరగంటలో పెళపెళలాడును. మొక్క ఆకులు ముడుతలు పడి, దొన్నెలవలె లోనికి ముడుచుకొని యుండెను. వేళ్ళు మూడు మాత్రము గట్టిగానున్నవి. తక్కినవి ఎండిన సేమియావలె విరిగిపోవుచుండెను. ఒకతె నీటితో చంపినది, ఒకతె చెమ్మతో చంపినది, మూడవది ఎండబెట్టినది. ముగ్గురము ఒకరి ముఖము ఒకరు చూచుకొంటిమి.

మధ్యాహ్నము ప్రక్కయింటి పెద్దమ్మ మజ్జిగ తీసికొని వచ్చినది. ఆమెకు అంకాపూరు బాటలో నాలుగెకరముల పసుపు. అంకాపూరనగా ఎఱ్ఱజొన్న విత్తనములకును, నాటుకోడి కూరకును పేరుబడిన గ్రామము. ఆర్మూరునకు కూతవేటు దూరము. పెద్దమ్మ మొక్కను చూచి, మా ముగ్గురి కథను విని, ముక్కుమీద వ్రేలు వైచుకొని, "రేపు పొలంకాడికి రాండ్రి బిడ్డా, చూపిస్త" అని పోయినది.

మరునాడు పోయితిమి. వారి పొలము చల్కనేల, ఎఱ్ఱగా గుల్లగా నుండెను. పసుపు త్రవ్వుట ముగిసి బోదెలు విరిగి పడియున్నవి. ఆర్మూరు ప్రాంతపు పసుపు తొమ్మిది నెలల పంట. మృగశిరలో విత్తనపు దుంప పెట్టినచో పుష్యమాఘములలో త్రవ్వుదురు. ఈ ఊరి పేరనే ఒక రకము కలదు. గట్టుమీద ట్రాక్టరుతో తెచ్చిన ఆవిరియంత్రము నిలిచి యున్నది. పూర్వము పెద్ద పెద్ద కడాయిలలో నీరుపోసి, పైన పసుపాకు కప్పి, ముప్పాతిక గంట, గంట ఉడికించెడివారట. నురుగు పైకివచ్చి, తెల్లని పొగ లేచి, కొమ్మును వ్రేళ్ళతో నొక్కిన మెత్తగా దిగినపుడు దింపుట. ఇప్పుడు ఆవిరితో ఆ పని త్వరగా నగుచున్నది. తరువాత పది పదునైదు దినములు ఎండబెట్టి, డ్రమ్ములో వేసి త్రిప్పి మెఱుగు పెట్టుదురు. మార్కెట్టులో కొమ్ములను కాడి యనియు తల్లిదుంపలను గోళ యనియు వేఱువేఱుగా అమ్ముదురు.

పెద్దమ్మ మమ్ము ఉడుకు పసుపు కడ నిలుపలేదు. పొలము పల్లపు మూలకు తీసికొనిపోయి, వానకాలమున నీరు నిలిచినచోట విడిచివేసిన కొన్ని మొదళ్ళను కాలితో కదిపి చూపినది. దుంప పైన తొక్క యున్నది, లోపల ఏమియు లేదు, బురదవాసన. "ఇది మురిగింది. పసుపుకు నీళ్ళు గావాలె, గని నిలువద్దు. నీళ్ళు నిలిస్తె గాలాడది. గాలాడకుంటె దుంప సస్తది. అందుకే బోదెలు జేసేది. మీ పూలచెట్టుకు గూడ గదే. దానికి బోదె గావాలె, కుండ గాదు" అనెను.

దుంపకుళ్ళని రైతులు భయపడు తెగులు ఇదియే. నేలలో నీటితోపాటు ప్రాకు బూజుజాతి సూక్ష్మజీవి దీనికి కారణమని వ్యవసాయశాస్త్రజ్ఞులు చెప్పుదురు. ఈ సీమలోనే కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధనకేంద్రము కలదు. అచ్చటివారును విత్తనశుద్ధి తరువాత చెప్పు మొదటి మాట మురుగునీరు పోవు దారియే. పుస్తకములు ఎన్ని తిరుగవేసినను మాకు తలకెక్కని సంగతి కుళ్ళిన పసుపుదుంప యొకటి తెలిపినది. మేము ముగ్గురమును మొక్కకు తిండి ఏమి పెట్టుదుమా యని ఆలోచించితిమి గాని, దానికి ఊపిరి ఎట్లాడునో ఆలోచింపలేదు.

వదనిక వేరును చేతబట్టి చూచినచో ఈ మాట యెంత సత్యమో తెలియును. నడుమ సన్నని తీగవంటి నిజమైన వేరుండును. దానిచుట్టు తెల్లని మెత్తని పొర యుండును. అది నిర్జీవమైన గదులతో కూడినది, స్పంజివంటిది. వాన పడగానే నిమిషములలో నీటిని పీల్చుకొని వేరు ఆకుపచ్చగా మాఱును. ఎండగానే మరల తెల్లనగును. ఆ తెలుపే దానికి శ్వాస. తడిసి, పీల్చుకొని, ఆరి, మరల తడియుటకు ఎదురుచూచుట దాని స్వభావము. వేరు కొసన ఆకుపచ్చని మొన యున్నచో మొక్క పెరుగుచున్నదని నమ్మవచ్చును. అట్టి వేరును మన్నులో కప్పినచో, మన్నులోని సన్నని రేణువులు ఆ గదులను మూసివేయును, గాలి పోదు, కుళ్ళు ప్రవేశించును. పసుపుదుంపకు బోదె చాలును, వదనికకు మన్నే పనికిరాదు; అంతియే భేదము. కుండీలో పోయునది భోజనము కాదు, కుదురు. మొక్కను కదలకుండ పట్టుకొనవలెను, కొంచెము తేమను దాచవలెను, మిగిలిన నీటిని తక్షణము విడువవలెను.

ఈ తప్పు మేమే మొదట చేసినవారము కాము. పందొమ్మిదవ శతాబ్ది మొదటి భాగమున ఆంగ్లదేశపు ధనవంతులు ఉష్ణదేశములనుండి ఈ మొక్కలను ఓడలలో తెప్పించుకొని, తలుపులు బిగించిన అద్దపుగదులలో ఉడుకెత్తించి, చెమ్మలో ఉంచి, వేలకొలది చంపివేసిరి. చాట్స్‌వర్తు అను ప్రభువుగారి తోటలో జోసెఫ్ పాక్స్‌టన్ అను తోటమాలి గదులకు గాలి విడిచి, ఒక్కొక్క జాతి ఏ సీమనుండి వచ్చినదో ఆ సీమను పోల్చి పెంచుట మొదలిడినపుడు అవి నిలిచినవి. ఆ ప్రభువు 1835లో ఆర్కిడ్డులకొఱకే మన ఖాసీకొండలకు మనిషిని పంపెనట. దొరల తోటమాలికిని, ఆర్మూరు పెద్దమ్మకును తోచినది ఒక్క మాటయే.

ఇంక వస్తువుల వేట. బెరడుముక్కలు, కొండఫెర్ను వేళ్ళు అని పుస్తకములలో వ్రాసినవి ఆర్మూరు అంగళ్ళలో దొరకవు. దొరకనివానికై ఏడ్చుటకంటె ఊరిలోనున్నదేమో చూచుట మంచిదని బయలుదేరితిమి.

మొదటిది బొగ్గు. పెద్దమ్మ పొలములోని ఆవిరియంత్రపు పొయ్యి క్రింద కావలసినంత కట్టెబొగ్గు మిగిలియున్నది. రాక్షసిబొగ్గు ఎంతమాత్రము పనికిరాదు. కట్టెబొగ్గునైనను పొయ్యిలోనుండి తీసి అట్లే వేయరాదు. బూడిద అంటియుండును, బూడిదనీరు వేళ్ళకు కాఱముగా నుండును. గచ్చకాయంత ముక్కలను ఏఱి, మూడునీళ్ళు కడిగి, ఒక రాత్రి నానవేసి, ఆ నీరు పారబోసితిమి. బొగ్గు కుళ్ళదు, ఒంటినిండ రంధ్రములతో కొంచెము తడిని దాచుకొనును.

రెండవది పెంకు. వీధి చివర ఒక పాత మండువాయిల్లు పడగొట్టి మేడ కట్టుచున్నారు. గూనపెంకులు గుట్టగా పోసియున్నవి. మేస్త్రీ నడుగగా, "తీస్కపోండ్రి అక్కా, మాకేం జేస్కోను" అనెను. కాల్చిన మన్ను నీరు పీల్చును, బరువుండును, మొక్కను పడనీయదు. పెంకులను రూపాయిబిళ్ళంత ముక్కలు చేసితిమి. సున్నమంటిన ముక్కలను విడిచితిమి.

మూడవది కొబ్బరిపీచు. దీనికొఱకు సిద్ధులగుట్టకు పోవలసివచ్చినది. పోవలసివచ్చినదనుటకంటె, నెపము దొరకినదనుట నిజము. ఆర్మూరునకు పూర్వము నవనాథపురమని పేరనియు, ఆరును మూడును కలిసి తొమ్మిదియైనట్లు నవనాథులపేర ఆరుమూరైనదనియు ఊరివారు చెప్పుదురు. వ్యాకరణమున కిది ఒప్పునో లేదో గాని వినుటకు బాగున్నది. ఆ తొమ్మండ్రు సిద్ధులు తపస్సు చేసిరన్న గుట్ట ఊరిని ఆనుకొనియే యున్నది. అట్టి గుట్టను మేము మరెచ్చటను చూడలేదు. చెట్టులేని నల్లని గుండ్లు, ఎవరో బస్తాలతో తెచ్చి కుమ్మరించినట్లు, ఒకదానిపై నొకటి పడియుండును. గుండ్ల నడుమ సందులలోనుండి వంగి, దూఱి, గుహలోని సిద్ధేశ్వరుని దర్శించితిమి. బయట కూర్చుండగా అక్క ఒక గుండు చీలికను చూపినది. పిట్ట వేసిన విత్తుకాబోలు, రావిమొక్క యొకటి పిడికెడు మన్నైనను లేని ఆ సందున నిగనిగలాడుచుండెను. గుట్టమీద వాన పడినచో నీరంతయు గుండ్ల సందులలో జారిపోవును. లోపల చల్లదనము మాత్రము నిలుచును. ఇంతకంటె చెప్పవలసినది లేదు.

గుట్ట క్రింద కొబ్బరికాయలమ్ము ఆమె కడ ఒలిచిన పీచు గోనెనిండ నుండెను. పది రూపాయలిచ్చినచో మొగమాటపడి రెండు కాయలు కూడ చేతిలో పెట్టినది. పచ్చి డొక్కలో ఉప్పును వగరును ఉండును. బొటనవ్రేలంత ముక్కలు కోసి, మూడు దినములు నానవేసి, దినమొకసారి నీరు మార్చవలెను. మొదటినాడు నీరు టీ డికాషనువలె దిగును, మూడవనాటికి తేటపడును. పీచు తడిని బాగుగా దాచును. ఆ గుణమే దాని దోషము. రెండేండ్లకు మెత్తబడి మన్నగును. అప్పటికి మార్చకున్నచో మన్నులో నాటినదానితో సమానమే.

నాటురోజున మాలో మాకు వాదము వచ్చినది. ఆర్మూరు ఎండలకు పీచు సగమైన నుండవలెనని అక్క పట్టుబట్టినది. తనది నీటితోనే చచ్చినదన్న సంగతి మఱచినది. పీచు అసలే వద్దని రెండవది. చెల్లెలు మాటాడక వడ్రంగిచేత చేయించిన టేకుపుల్లల బుట్టను తెచ్చి ముందుంచినది. నాలుగువైపుల సందులు గలది. చివరకు తూచినది పెద్దమ్మయే. బొగ్గు రెండుపాళ్ళు, పెంకు ఒకపాలు, పీచు పైన పిడికెడు. అది కూడ వేళ్ళ నడుమ కాదు, అంచులవెంట. వానకాలము రాగానే ఆ పిడికెడు తీసివేయవలెను, మరల శివరాత్రికి వేయవలెను. సంవత్సరమంతటికి ఒకటే కుదురు చాలునని మేము భ్రమపడితిమి. కోస్తాలో ఖాళీబుట్ట చాలును. బెంగుళూరు చల్లదనమునకు బెరడు సరిపోవును. ఇక్కడి చైత్రవైశాఖములు వేఱు, శ్రావణభాద్రపదములు వేఱు. ఏది మంచి కుదురు అని అడుగువారు ముందు ఏ ఊరిలో, ఏ నెలలో అని అడుగవలసియున్నది.

ఎండిన వేళ్ళను శుభ్రమైన కత్తెరతో కోసితిమి. కోసినచోట్ల పెద్దమ్మ పసుపు అద్దినది. దీనివలన ఎంత గుణము కలిగినదో మేము చెప్పజాలము. పసుపునకు బూజును అడ్డు గుణము కొంత కలదందురు గనుక అద్దనిచ్చితిమి. గట్టిగానున్న మూడు వేళ్ళను అరగంట నీటిలో ఉంచగా అవి మెత్తబడి వంగినవి. విఱుగకుండ బుట్టసందులలోనికి త్రిప్పి, కాండమును బుట్టకు నూలుగుడ్డతో కట్టితిమి. మొదలు కప్పలేదు. బుట్టను వేపచెట్టు క్రింద, నీడయు వెలుగును కలిసినచోట వ్రేలాడదీసి, క్రింద తడియిసుక పళ్ళెము పెట్టితిమి. ఉదయము తప్పక, వేసవిలో సాయంకాలముకూడ, బుట్టను బక్కెటు నీటిలో పది నిమిషములు ముంచి తీయవలెను. చెల్లెలి యింటి బోరునీరు గిన్నెలపై తెల్లని చారలు కట్టును. ఆ ఉప్పు బొగ్గులో చేరి నిలుచును. కాబట్టి వాననీరు పట్టి దాచుకొనుమని, లేనపుడు పక్షమున కొకసారి మంచినీటితో బాగుగా కడుగుమని చెప్పితిమి. బలము కావలెనన్నచో ఎరువును మిక్కిలి పలుచగా, అడుగువ్రాసిన కొలతలో నాలుగవవంతు, నీటిలో కలిపి చల్లవచ్చును. కుదురులో పేడ వేయరాదు.

నర్సరీలలో కొనువారికి ఒక హెచ్చరిక. అచ్చట ఎక్కువగా దొరకునవి రెండు. చెఱకుగడవంటి కాండములు గల డెండ్రోబియము కొబ్బరిడొక్కలో సుఖముగానే పెరుగును; చిన్న కుండీ చాలును, పెద్దదైనచో నడుమ తడి ఆరదు. వెడల్పాకుల ఫెలనాప్సిస్ మాత్రము తరచు ప్లాస్టికు గిన్నెలో బిగించిన నాచుతో వచ్చును. పూవులున్నన్నినాళ్ళు చూచి ఆనందించి, అవి రాలగానే విప్పి, నడుమ ఉండబెట్టిన నాచుముద్దను తీసివేయుడు. మా రెండవది ఆ సంగతి నెరుగకయే పోగొట్టుకొన్నది. ఇంకొక విన్నపము: వదనిక కావలెనని అడవిచెట్లనుండి ఊడబెరుకకుడు. దాని గింజలు ధూళివంటివి. లోపల తిండి యుండదు. తగిన బూజు తోడు దొరకినగాని మొలవవు. ఒక్క కొమ్మమీద గుబురు కట్టుటకు ఎన్నో ఏండ్లు పట్టును. సిక్కిములోని పాక్యాంగులో 1996నుండి ఆర్కిడ్డులకే ప్రత్యేకముగా జాతీయ పరిశోధనాలయము పనిచేయుచున్నది. పెంచి పంచుట అట్టివారికి తెలిసిన విద్య. మా అమ్మగారు పడిన చెట్టునుండి తీసిరి, అది వేఱు.

తిరిగివచ్చునాడు పెద్దమ్మ మాకు రెండు కిలోల కొమ్ములు కట్టియిచ్చినది. వెల అడిగిన కోపించినది. ఆర్మూరు, బాల్కొండ, వేల్పూరు, మోర్తాడు ప్రాంతముల పంట చాలభాగము నిజామాబాదు మార్కెట్టుకు పోవును; ధర రానపుడు మహారాష్ట్రమున సాంగ్లీవఱకు లారీలు కట్టుకొని పోవుదురు. ధరకొఱకును, బోర్డుకొఱకును ఈ రైతులు పడిన పాట్లు దేశమంతయు ఎఱిగినవే. 2019 లోకసభ ఎన్నికలలో నిజామాబాదు స్థానమున నూటడెబ్బదిమందికి పైగా రైతులు అభ్యర్థులుగా నిలిచిరి. 2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతినాడు, జాతీయ పసుపు బోర్డు నిజామాబాదు కేంద్రముగా తెఱువబడినది. "బోర్డు వచ్చింది బిడ్డా, ధర గూడ రావాలె" అని పెద్దమ్మ నవ్వినది. కొమ్ములు కొని ఇంటిలో పొడి కొట్టించుకొనుట మేలని గృహిణులకు వేఱుగ చెప్పనక్కరలేదు. మితిమీరి మెఱయు పొడిలో రంగు కలిసియుండుట కలదు.

ఆషాఢమున చెల్లెలు ఫోను చేసినది. వైశాఖములో రెండాకులు పండి రాలినవట. తాను ఏడ్చి మాతో చెప్పలేదట. వానలు పడిన పదియవనాడు పీచు తీయబోగా, బొగ్గుముక్క మీదుగా వ్రేలెడు కొత్తవేరు ప్రాకి, గూనపెంకును అంటి పట్టుకొనియున్నదట. మొన ఆకుపచ్చగా, గోరుగిల్లిన నీరు కారునంత లేతగా నున్నదట. పూవు ఈ యేడు రాదు. పెంకుముక్కను మాత్రము ఇంక వేరునుండి విడదీయుటకు వీలులేదని, చీలిక వచ్చినపుడు ఆ పెంకుతోనే మాకు పంపుదునని చెప్పినది. అక్క ఇప్పటినుండియే వడ్రంగికి బుట్ట చెప్పినది.